నాన్‌వోవెన్ (నేయని గుడ్డ) యంత్రాల కొనుగోలు, 4వ పాఠం: కొటేషన్‌లోని వేగాన్ని లెక్కకట్టడం

ప్లాస్టిక్ గింజలు పోసే తొట్టి మొదలు, గుడ్డను చుట్టే వైండర్ దాకా మొత్తం లైనును సరఫరా చేసే రైఫెన్‌హాయిజర్ రీకోఫిల్ వంటి సంస్థలకూ, సూదుల వంటి విడిభాగాలను అందించే గ్రోజ్-బెకర్ట్ వంటి సంస్థలకూ ఉన్న తేడాను గత పాఠంలో చూశాం. ఈ పాఠంలో, కరిగిన ప్లాస్టిక్‌ను పోగులుగా తీసి నేయకుండానే గుడ్డగా పరిచే స్పన్‌బాండ్ లైను కొటేషన్ ఒకటి ముందు పెట్టుకుని చదువుదాం.

అందులో ‘వెడల్పు 1.6 మీటర్లు, బరువు 10 నుంచి 150 జీఎస్ఎం, గరిష్ఠ వేగం నిమిషానికి 150 మీటర్లు’ అని ఉందనుకోండి (జీఎస్ఎం అంటే చదరపు మీటరు గుడ్డ బరువు, గ్రాముల్లో). ఈ మూడూ విడివిడిగా నిజమే కావచ్చు గానీ, గరిష్ఠ బరువూ గరిష్ఠ వేగమూ ఒకేసారి కుదిరేవి కావు. కొత్తగా కొనేవారు ఎక్కువగా పొరపడేది ఇక్కడేనని నా అభిప్రాయం. లెక్క ఇది:

గంటకు కిలోలు = వెడల్పు × వేగం × జీఎస్ఎం × 60 ÷ 1000

15 జీఎస్ఎం గుడ్డను నిమిషానికి 150 మీటర్ల చొప్పున తీస్తే గంటకు 216 కిలోలు వస్తాయి. అదే వేగంతో 150 జీఎస్ఎం తీయాలంటే 2,160 కిలోల పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ కరగాలి. ఎక్స్‌ట్రూడర్ కరిగించగలిగినంత, స్పిన్నరెట్ అనే పలక రంధ్రాల గుండా పోగులుగా దిగగలిగినంత మాత్రమే గుడ్డ అవుతుంది కనుక, లైను సామర్థ్యం గంటకు 216 కిలోలే అయితే 60 జీఎస్ఎం గుడ్డకు, దాన్ని మోసే బెల్టు నిమిషానికి 37.5 మీటర్లకు మించి నడవదు. కాబట్టి, ‘మీరు చెప్పిన వేగం ఏ జీఎస్ఎం వద్ద?’ అని సరఫరాదారును రాతపూర్వకంగా అడగండి. వెడల్పు కూడా అంచులు కత్తిరించాక మిగిలేదేనా అని అడిగి, ఆ అంకెతోనే లెక్క వేయండి.

యంత్రం నడిపి చూపించే రోజున వేగం ఒక్కటే చూసి సంతృప్తి పడవద్దు. 100 చదరపు సెంటీమీటర్ల గుండ్రని కట్టర్‌తో గుడ్డ ఎడమ అంచున, మధ్యన, కుడి అంచున ముక్కలు తీసి తూచండి. గ్రాముల్లో వచ్చిన బరువును 100తో గుణిస్తే జీఎస్ఎం తెలుస్తుంది. 15 జీఎస్ఎం ముక్క 0.15 గ్రాములే ఉంటుంది కాబట్టి, గ్రాములో వెయ్యోవంతు చూపే తక్కెడ తప్పనిసరి. ముక్కను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, పోగులు ఒకచోట గుమిగూడి మరోచోట పలచబడిన మచ్చలు కంటికే కనిపిస్తాయి. సగటు బరువు సరిపోయినా మచ్చలున్న గుడ్డ పలచని చోటే చిరుగుతుంది; అందుకే మూడు ముక్కల మధ్య ఎంత తేడాను అంగీకరిస్తారో ఒప్పందంలోనే రాయించుకోవాలి.

విడిభాగాల్లో రెండో స్పిన్నరెట్‌ను ధరలో కలిపారో లేదో చూడండి. ఒకదాన్ని శుభ్రానికి పంపినప్పుడు రెండోది బిగిస్తే, శుభ్రం పూర్తయ్యేదాకా లైను ఆగనక్కరలేదు.

అభ్యాసం: వెడల్పు 2.4 మీటర్లు, సామర్థ్యం గంటకు 360 కిలోలు. 25 జీఎస్ఎం గుడ్డకు గరిష్ఠ వేగమెంత? జవాబును 5వ పాఠంలో, గుడ్డను వేడితో నొక్కి అతికించే క్యాలెండర్ రోలర్ల ఎంపికతో పాటు చూద్దాం.