టెక్సస్ ట్రాఫిక్ టికెట్ పాఠాలు – 3: ‘రికార్డు లేదు’ అని వస్తే కేసు పోయినట్టు కాదు

ఈసారి డిఫెన్సివ్ డ్రైవింగ్ (జాగ్రత్తగా నడపడం నేర్పే కోర్సు చేసి టికెట్ కొట్టేయించుకోవడం) పాఠం మొదలుపెట్టాలి. పోయిన పాఠం తర్వాత వచ్చిన ఉత్తరాలు చూశాక దాన్ని వెనక్కి జరపక తప్పలేదు. సగానికి పైగా ఉత్తరాల్లో ఒకటే మాట: “కౌంటీ వెబ్‌సైట్‌లో నా పేరు కొట్టాను. రికార్డు లేదని వచ్చింది. అంటే ఆ ఆఫీసర్ టికెట్ కోర్టుకి ఇవ్వలేదన్నమాటేగా?” కొందరైతే ఆ ధీమాతో టికెట్ కాగితం కూడా పారేశారు.

చాలాసార్లు కేసు ఉంటుంది. మీరు వెతికిన చోట లేదు, లేదా మీరు వెతికిన పేరు మీద లేదు, లేదా ఇంకా ఎక్కించలేదు. ఈ పాఠమంతా ఆ మూడింటి గురించే.

హైదరాబాద్‌లో బండి నంబర్ కొడితే చలాన్లన్నీ ఒక్కచోట వరసగా కనిపిస్తాయి. ఆ అలవాటుతోనే ఇక్కడికి వస్తాం. టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి, మన జిల్లాల్లాంటివి. అన్ని కోర్టుల టికెట్లనూ కలిపి చూపించే పోర్టల్ ఒక్కటీ లేదు. పైగా ఇక్కడ స్పీడింగ్ టికెట్ బండి మీద కాదు, నడిపిన మనిషి మీద ఉంటుంది. బండి మీద వచ్చే ఎర్రలైటు కెమెరా చలాన్లను కూడా 2019లో చట్టం చేసి చాలావరకు ఆపేశారు. కాబట్టి బండి నంబర్‌తో వెతకడం మానేయండి.

ముందు కోర్టు తేల్చుకోవాలి. మిమ్మల్ని ఎవరు ఆపారన్నదాన్ని బట్టే అది తేలుతుంది. సిటీ పోలీసు ఆపితే ఆ ఊరి మునిసిపల్ కోర్టు. స్టేట్ ట్రూపర్ (రాష్ట్ర హైవే పోలీసు) గానీ, షెరిఫ్ డెప్యూటీ (కౌంటీ పోలీసు) గానీ, కౌంటీ కానిస్టేబుల్ గానీ ఆపితే మామూలుగా ఆ కౌంటీలోని చిన్న కేసులు చూసే జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టు, అంటే జేపీ కోర్టు. ఉదాహరణకి డాలస్ నుంచి హ్యూస్టన్ వెళ్తూ ఐ-45 మీద బఫలో దగ్గర ఆపారనుకుందాం. ఈ బఫలో న్యూయార్క్‌ది కాదు, లియాన్ కౌంటీలో ఉన్న చిన్న ఊరు. ఊరి పోలీసు ఆపితే కేసు ఆ ఊరి కోర్టుకి వెళ్తుంది. అదే మైలురాయి దగ్గర ట్రూపర్ ఆపితే లియాన్ కౌంటీ జేపీ కోర్టుకి వెళ్తుంది. ఒకదాని జాబితాలో ఉన్నది రెండోదానిలో కనపడదు.

కౌంటీ ఏదో తెలిస్తే సరిపోదు, ప్రీసింక్ట్ (కౌంటీలో ఒక్కో జేపీ కోర్టు పరిధి) కూడా కావాలి. టెక్సస్ రాజ్యాంగం ప్రకారం 50,000, ఆపైన జనాభా ఉన్న కౌంటీలో నాలుగు నుంచి ఎనిమిది ప్రీసింక్ట్‌లు ఉంటాయి. 18,000 లోపు ఉంటే ఒక్కటే ఉండొచ్చు, కౌంటీ వాళ్లు కావాలనుకుంటే నాలుగు దాకా చేసుకోవచ్చు. టికెట్ అడుగున ‘జేపీ, ప్రీసింక్ట్ ఫలానా’ అని ఉన్న లైనే మీకు దిక్కు. గూగుల్‌లో ముందు వచ్చిన జేపీ కోర్టుకి ఫోన్ చేయకండి.

ఇక తొందర గురించి. శనివారం రాత్రి టికెట్ ఇస్తే ఆదివారం పొద్దున వెబ్‌సైట్‌లో వెతికేవాళ్లున్నారు. ఆఫీసర్ టికెట్‌ని కోర్టుకి పంపాలి, అక్కడి క్లర్క్ దాన్ని ఎక్కించాలి. చిన్న కౌంటీ జేపీ ఆఫీసులో ఒకరో ఇద్దరో క్లర్కులుంటారు. చాలా చోట్ల ఆన్‌లైన్‌లో వెతికే సదుపాయమే ఉండదు. కాబట్టి రెండు వారాలైనా కనపడలేదని పండగ చేసుకోకండి. ఇది క్లాస్ సి నేరం, అంటే జరిమానాతో సరిపెట్టే చిన్న నేరం. ఫిర్యాదు దాఖలు చేయడానికి ప్రభుత్వానికి రెండేళ్ల గడువుంది. మీ గడువు మాత్రం టికెట్ మీద రాసిన హాజరు తేదీ. అది దాటితే వారంట్ రావచ్చు, డ్రైవింగ్ లైసెన్స్ రెన్యువల్ ఆగిపోవచ్చు. కోర్టుకి టికెట్ చేరిందో లేదో తెలియకపోయినా, ఆ తేదీ లోపు మీ జవాబు ఉత్తరం రూపంలో వెళ్లాలి. సర్టిఫైడ్ మెయిల్‌లో, రిటర్న్ రిసీట్ పెట్టి పంపండి. పోస్టాఫీసులో ఇచ్చే ఆ ఆకుపచ్చ రిసీట్‌ని కూడా గ్రీన్ కార్డనే అంటారు. మనకి తొందరగా చేతికొచ్చే గ్రీన్ కార్డు అదొక్కటే. ఉత్తరంలో ఏ ప్లీ (నేరం ఒప్పుకుంటున్నారో లేదో చెప్పే జవాబు) రాయాలో మొదటి పాఠంలో ఉంది, మళ్లీ చెప్పను.

ఇప్పుడు అసలు తంటా. మన పేర్లు.

ఊహకి ఒక పేరు తీసుకుందాం. ఇంటిపేరు కొల్లూరి, పేరు వెంకట సాయి కృష్ణ. ఆఫీసులో అందరికీ ఈయన సాయి కృష్ణ కొల్లూరి. కౌంటీ వెబ్‌సైట్‌లో మొదటి పేరు గడిలో ‘సాయి’, చివరి పేరు గడిలో ‘కొల్లూరి’ కొట్టారు. రికార్డు లేదు. ఎందుకుంటుంది? లైసెన్స్ మీద మొదటి పేరు వెంకట. కోర్టు సాఫ్ట్‌వేర్‌లో సాయి కృష్ణ మధ్యపేరు గడిలోకి పోయింది. ఇంకో కోర్టులో వెంకట, సాయి కలిసిపోయి ఒకే మాట అయింది. ఆఫీసర్ చేత్తో రాసిన టికెట్ అయితే, చివర ఉన్న మాటే ఇంటిపేరనుకుని క్లర్క్ ‘కృష్ణ’ కింద ఎక్కించి ఉండొచ్చు. ఆఫీసర్ లైసెన్స్ వెనక బార్‌కోడ్ స్కాన్ చేసి ఉంటే కొంత నయం, కార్డు మీద ఉన్నది ఉన్నట్టు వస్తుంది. అందుకని మీరు మిమ్మల్ని ఏమని పిలుచుకుంటారో మర్చిపోండి. లైసెన్స్ కార్డు ముందు పెట్టుకుని, దాని మీద ఉన్న వరసలోనే కొట్టండి.

పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్ల కష్టం వేరు. వీసాలో వాళ్ల పేరంతా సర్‌నేమ్‌గా పడుతుంది, మొదటి పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. కొందరి లైసెన్స్‌కి కూడా అదే ఎక్కుతుంది. అలాంటివాళ్లు మొదటి పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ కొట్టి చూడాలి. దొరక్కపోతే ఆ గడి ఖాళీగా వదిలి, పూర్తి పేరులోని మొదటి మాటని చివరి పేరు గడిలో పెట్టాలి.

స్పెల్లింగ్ సంగతి సరేసరి. లక్ష్మిలో ‘ఎక్స్’ ఉందా, ‘కేఎస్‌హెచ్’ ఉందా? శ్రీకి ‘ఐ’ ఒకటా, ‘ఈ’లు రెండా? శరత్ చివర ‘హెచ్’ ఉందా? చౌదరిని మనవాళ్లు ఎన్ని రకాలుగా రాస్తారో లెక్కే లేదు. నేను చేసే పని ఒకటే: ఇంటిపేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి, మిగతా గడులన్నీ ఖాళీగా వదిలేస్తాను. పెద్ద కౌంటీలో ఇలా చేస్తే వందల పేర్లొస్తాయి. చిన్న కౌంటీలో అదే మనకి కలిసొస్తుంది. లియాన్ కౌంటీ జాబితాలో ఇంకో కొల్లూరి ఉండటం కష్టమే. చివరి పేరు గడిలో దొరక్కపోతే మీ పేరులోని ప్రతి మాటనీ ఒక్కొక్కటిగా అదే గడిలో పెట్టి చూడండి. విసుగ్గానే ఉంటుంది, కానీ దొరుకుతుంది.

పుట్టిన తేదీతో వెతికేటప్పుడు నెల ముందు, రోజు తర్వాత. ఆగస్టు 5ని 05/08 అని కొడితే మీరు మే 8న పుట్టినవాళ్లవుతారు. బడిలో వేయించిన సర్టిఫికెట్ తేదీ ఒకటి, అమ్మ చెప్పే అసలు తేదీ ఇంకొకటి ఉన్నవాళ్లు లైసెన్స్ మీదున్నదే వాడాలని వేరే చెప్పక్కర్లేదు.

వెబ్‌సైట్ తేల్చకపోతే ఫోన్. నిజానికి చిన్న కౌంటీ అయితే నేను ముందు ఫోనే చేస్తాను, వెబ్‌సైట్ జోలికి పోను. మధ్యాహ్నం భోజనాల వేళ వద్దు, పొద్దున పది గంటలప్పుడు మంచిది. ముందు సైటేషన్ నంబర్ (టికెట్ మీదున్న నంబర్) చెప్పండి. తర్వాత టికెట్ తేదీ. పేరు ఆఖరున, అదీ అక్షరం అక్షరం విడగొట్టి. ‘వి ఫర్ విజయవాడ’ అంటే అవతలి క్లర్క్‌కి అర్థం కాదు, విక్టర్ అనండి. అడగాల్సినవి నాలుగే: కేసు ఎక్కిందా, కాజ్ నంబర్ (కోర్టు ఇచ్చే కేసు నంబర్) ఎంత, హాజరు తేదీ ఏది, ఉత్తరం ఏ చిరునామాకి పంపాలి. “నన్నేం చెయ్యమంటారు?” అని మాత్రం అడగొద్దు. చట్టపరమైన సలహా ఇవ్వడానికి క్లర్క్‌కి వీల్లేదు. ఆవిడ ‘చెప్పలేను’ అంటే మీరు నొచ్చుకోవడం తప్ప లాభం ఉండదు. క్లర్క్ పేరు, మాట్లాడిన టైము టికెట్ వెనకే రాసుకోండి.

పేరు దొరికినవాళ్లకి ఒక మాట. పక్కనే ‘పే’ బటన్ ఉంది కదా అని నొక్కకండి. జరిమానా మొత్తం కట్టేస్తే ‘నో కాంటెస్ట్’ (వాదించను) అనే ప్లీ ఇచ్చి దోషిగా తేలినట్టే లెక్క, డిఫెన్సివ్ డ్రైవింగ్ దారి మూసుకుపోతుంది. ఫోన్‌కి మెసేజ్‌లో వచ్చే లింకులు అసలే ముట్టుకోవద్దు. కోర్టు నంబర్ టికెట్ మీదే ఉంటుంది.

సిటిజన్‌షిప్‌కి అప్లై చేస్తూ ఎప్పటిదో టికెట్ కోసం తవ్వుతున్నవాళ్లు కూడా రాశారు. మీకు కావలసినది ‘సర్టిఫైడ్ డిస్పొజిషన్’, అంటే కేసు ఎలా ముగిసిందో చెప్పే కాగితం, కోర్టు ముద్రతో. డీపీఎస్ (లైసెన్సులిచ్చే రాష్ట్ర ప్రజాభద్రతా శాఖ) వాళ్లిచ్చే డ్రైవింగ్ రికార్డు దానికి బదులు కాదు, కొట్టేసిన కేసు అందులో శిక్షగా కనపడదు. మన దగ్గర ఆర్టీఐ పెట్టినట్టు ఇక్కడ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం పేరుతో దరఖాస్తు పెట్టకండి. ఆ చట్టం కోర్టులకి వర్తించదు. మామూలుగా కేసు కాపీ కావాలని రాసి, ఫీజు ఎంతో అడిగితే చాలు. పాత కాగితాలు తీసేశామంటే, వెతికినా రికార్డు దొరకలేదని లెటర్‌హెడ్ మీద రాసిమ్మని అడగండి. ‘రికార్డు లేదు’ అన్న మాట మీకు పనికొచ్చేది ఈ ఒక్క సందర్భంలోనే.

అభ్యాసం. డాలస్ నుంచి హ్యూస్టన్ దాకా ఐ-45 దాటే కౌంటీలు వరసగా డాలస్, ఎల్లిస్, నవారో, ఫ్రీస్టోన్, లియాన్, మాడిసన్, వాకర్, మాంట్‌గోమరీ, హ్యారిస్. మొదటిదీ చివరిదీ వదిలేయండి. మిగిలిన ఏడింటిలో ఎన్ని జేపీ ప్రీసింక్ట్‌లున్నాయి, ఎక్కడ ఆన్‌లైన్‌లో వెతకొచ్చు, ఎక్కడ ఫోన్ తప్ప దిక్కులేదు, ఒక కాగితం మీద పట్టికగా వేయండి. తర్వాత మీ లైసెన్స్ చూసి, ఒక క్లర్క్ మీ పేరుని ఎన్ని రకాలుగా ఎక్కించగలరో అన్నీ రాయండి. ఆరు కంటే తక్కువ వస్తే మళ్లీ రాయండి. పట్టిక పూర్తి చేసినవాళ్లకే వచ్చే పాఠంలోని డిఫెన్సివ్ డ్రైవింగ్ ఉత్తరం పనికొస్తుంది, ఎందుకంటే అందులో మొదటి లైను కోర్టు పేరే.