రెండంతస్తుల బొమ్మ రైలు లేఅవుట్: కింద శృంగవరపుకోట, పైన అరకు

ఉన్నది ఒక్క గది, రైలేమో చాలా దూరం వెళ్లొచ్చినట్టు ఉండాలి అంటే పైకి కట్టుకోవడమే మార్గం. పదడుగుల గదిలో గోడల వెంట రెండు అంతస్తులు వేస్తే లైను పొడవు దాదాపు రెట్టింపవుతుంది. అయితే కష్టమంతా ఒక్కచోటే, రైలు కింది నుంచి పైకి ఎలా ఎక్కుతుందన్న దగ్గరే. కొండలు, స్టేషన్లు తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఆ వాలు తేడా వస్తే మాత్రం అంతా విప్పాల్సిందే.

ఉదాహరణకి కొత్తవలస–కిరండూల్ లైనే తీసుకుందాం. కింది అంతస్తులో శృంగవరపుకోట, పైన బొర్రా గుహలు, శిమిలిగుడ, అరకు. శిమిలిగుడ దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది, ఘాట్ అంతా సొరంగాలే. పైగా ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం విశాఖ వైపు కిందికి దిగుతుంది, ఖాళీ వ్యాగన్లు ఘాట్ ఎక్కుతాయి, కాబట్టి మన చిన్న ఇంజిన్ కూడా బరువు మోస్తూ ఎక్కనక్కర్లేదు.

స్కేల్ విషయంలో పెద్దగా ఆలోచించకండి, ఈ సైజు గదికి ఎన్-స్కేల్ (1:160, అంటే అసలు రైలులో 160వ వంతు) చాలు. హెచ్‌ఓ (1:87) బొమ్మలు చూడ్డానికి బాగుంటాయి గానీ, పైకి ఎక్కే మలుపులకే నాలుగడుగులు దాటి జాగా తినేస్తాయి.

అంతస్తుల ఎత్తు టేపు పెట్టి కాదు, మనిషిని నిలబెట్టి తేల్చండి. కొట్లలో వాడే చిల్లుల యాంగిల్ రాక్ ఒకటి తెచ్చి, రెండు అట్టముక్కలు కట్టి, ముందు నిలబడి, తర్వాత స్టూల్ మీద కూర్చుని చూడండి. కింది డెక్ (అంతస్తు) నేల నుంచి 38 అంగుళాలు, పైది 54 అంగుళాల దగ్గర పెట్టుకుంటే చాలామందికి సరిపోతుంది. పై డెక్ వెడల్పు అడుగు మించొద్దు, కిందిది అడుగున్నర ఉండొచ్చు, రెండూ ఒకే వెడల్పు పెడితే కింద యార్డులో పడిపోయిన వ్యాగన్ తియ్యడానికి తల దూరదు. అద్దె ఇల్లయితే ఆ రాక్‌నే స్టాండుగా వాడేయండి, గోడకి ఒక్క మేకు కొట్టక్కర్లేదు, ఓనరుతో టెన్షన్ ఉండదు.

ఇక హెలిక్స్, అంటే స్ప్రింగులా చుట్లు తిరుగుతూ లేచే లైను. ఇక్కడ లెక్క తప్పకూడదు. మలుపు రేడియస్ 38 సెంటీమీటర్లు అనుకుంటే ఒక చుట్టు దాదాపు 240 సెంటీమీటర్లు. 2.5 శాతం వాలుకి చుట్టుకి 6 సెంటీమీటర్లు లేస్తుంది, ఏడు చుట్లకి 42, అంటే పదహారున్నర అంగుళాలు, మన రెండు డెక్‌ల మధ్య తేడా దాదాపు అంతే. ప్లైవుడ్ 9 ఎంఎం తీసుకోండి, మందం పెరిగినకొద్దీ పై చుట్టుకీ బోగీ కప్పుకీ మధ్య సందు తగ్గిపోతుంది, వేళ్లు పట్టవు. గుండ్రంగా మొత్తం రింగు కోయించకండి, సగం షీటు వృథా. చుట్టుకి ఆరు ముక్కలుగా కోయించి అతికిస్తే సరిపోతుంది.

చుట్టూ ఎనిమిది థ్రెడ్ రాడ్లు (పొడవునా మరలున్న కడ్డీలు) నిలబెట్టి, ప్రతి ముక్కనీ పైన కింద నట్టు, వాషర్లతో బిగించండి. రాడ్ల మధ్య దూరం సుమారు 30 సెంటీమీటర్లు, ఒక్కో రాడ్ దగ్గర ఏడున్నర ఎంఎం లేవాలి. దీనికో చిట్కా ఉంది. 30 సెంటీమీటర్ల స్పిరిట్ లెవల్ తీసుకుని, ఒక కొన కింద ఏడున్నర ఎంఎం మందం చెక్క అతికించండి. ఆ కొనని దిగువ వైపు పెట్టినప్పుడు బుడగ మధ్యలో నిలిస్తే వాలు సరిగ్గా ఉన్నట్టే, లేకపోతే నట్టు అర తిప్పు తిప్పి మళ్లీ చూడండి. విసుగు పుడుతుంది, అయినా ప్రతి రాడ్ దగ్గరా చూడాల్సిందే. చదునుగా ఉన్న లైను ఒక్కసారిగా వాలెక్కితే కప్లింగులు (బోగీల్ని కలిపే కొక్కేలు) ఊడిపోతాయి, అందుకే మొదట్లో, చివర్లో ఒకటిన్నర అడుగు మేర వాలు మెల్లగా మారాలి.

ఏడు చుట్లంటే దాదాపు పదిహేడు మీటర్లు. ఎన్-స్కేల్‌లో 40 కిలోమీటర్ల వేగానికి తగ్గట్టు నడిపితే రైలు నాలుగు నిమిషాలు ఎవరికీ కనబడదు, చూడ్డానికొచ్చిన పిల్లలు ఆగిపోయిందనుకుంటారు. చుట్ల ముందు వైపు కొండ కట్టి రెండు మూడు చోట్ల తెరిచి పెట్టండి, సొరంగంలోంచి తొంగిచూసి మళ్లీ దూరిపోతుంది, ఘాట్ మీద నిజంగా జరిగేదీ అదే.

వైరింగ్‌కి డీసీసీ (పట్టాల ద్వారానే ఒక్కో ఇంజిన్‌కి విడిగా ఆదేశాలు పంపే డిజిటల్ పద్ధతి) అయితే ప్రధాన వైరు 2.5 చదరపు ఎంఎం, ప్రతి మూడడుగులకీ ఒక ఫీడర్ (దాన్నుంచి పట్టాలకి కరెంటిచ్చే చిన్న వైరు). ఫిష్‌ప్లేట్ల (పట్టాల ముక్కల్ని కలిపే రేకుల) మీద కరెంటు నమ్ముకోవద్దు. హెలిక్స్‌కి వేరే సెక్షన్ ఇవ్వండి, అక్కడ షార్ట్ అయితే ఊరంతా ఆగిపోకూడదు. కింది డెక్ ఎల్‌ఈడీ స్ట్రిప్పుల్ని పై డెక్ అడుగున దాన్ని బిగించకముందే అతికించేయాలి, తర్వాతైతే మెడ పట్టేస్తుంది. సముద్రం దగ్గర ఇల్లయితే ప్లైకి రెండు వైపులా పెయింటు వేయండి, తేమకి పట్టాల కంటే చెక్కే ఎక్కువ కదులుతుంది. పట్టాల జాయింట్లన్నీ సోల్డర్ చేయకుండా కొన్నిచోట్ల సన్న సందు వదలండి.

ప్రతి చుట్టు బిగించాక మీ దగ్గరున్న అతి పొడవైన రైలుని పైకి లాగించి, తర్వాత వెనక్కి నెట్టించి చూడండి. వెనక్కి వచ్చేటప్పుడే పట్టాలు దిగుతాయి, అవి దిగడం మానేదాకా పై చుట్టు మొదలుపెట్టొద్దు.