చలికాలమంతా నిలిపి ఉంచిన బైకు: పెట్రోల్ వైపు సమస్యలు, పరిష్కారాలు

నాలుగైదు నెలలు కదలకుండా ఉన్న బైకును మళ్ళీ బయటికి తీసినప్పుడు వచ్చే ఇబ్బందుల్లో, బ్యాటరీని పక్కన పెడితే, ఎక్కువ భాగం పెట్రోల్‌తో వచ్చేవే. అయినా చాలామంది ముందు స్పార్క్ ప్లగ్ మారుస్తారు, ఆ తర్వాత కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగం) మొత్తం విప్పి నేల మీద పరుస్తారు. అన్నిటికన్నా ముందు చేయవలసిన పరీక్షను మాత్రం వదిలేస్తారు. కార్బురేటర్ అడుగున కొంచెం పెట్రోల్ నిలవ ఉండే ఫ్లోట్ గిన్నెకు, దాన్ని ఖాళీ చేయడానికి ఒక డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. పెట్రోల్ ట్యాప్ కట్టేసి, దాని కింద గాజు సీసా పెట్టి, ఆ స్క్రూను వదులు చేసి చూడండి. రెండు నిమిషాల పని. ఏమైనా వచ్చిందా, వస్తే ఏ రంగులో ఉంది, ఎలాంటి వాసన వేస్తోంది అన్నవి తెలిస్తే సగం నిర్ధారణ అయినట్లే.

చోక్ వేస్తే స్టార్ట్ అవుతుంది, చోక్ తీయగానే ఆగిపోతుంది

యాక్సిలరేటర్ తిప్పి పట్టుకుంటే ఇంజను బాగానే నడుస్తుంది, వదలగానే స్లో (యాక్సిలరేటర్ ఇవ్వనప్పటి నెమ్మది నడక) నిలబడదు. సీసాలో పడిన పెట్రోల్ ముదురు పసుపు రంగులో, పాత వార్నిష్ వాసనతో ఉంటుంది. ఇది స్లో జెట్, అంటే స్లోలో పెట్రోల్ అందించే సన్న రంధ్రపు ఇత్తడి ముక్క, మూసుకుపోయిందనడానికి గుర్తు. పెట్రోల్‌లో తేలికగా ఆవిరయ్యే భాగాలు పోగా మిగిలిన జిగురు, అర మిల్లీమీటరు కూడా లేని ఆ రంధ్రంలో గడ్డకడుతుంది. మెయిన్ జెట్ రంధ్రం అంతకన్నా పెద్దది కాబట్టి అది తట్టుకుంటుంది, అందుకే పై వేగాల్లో లోపం కనిపించదు.

గిన్నె విప్పి, స్లో జెట్‌ను బయటికి తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. రంధ్రంలోంచి గుండ్రటి వెలుగు చుక్క కనిపించకపోతే కార్బురేటర్ క్లీనర్‌లో నానబెట్టి, గాలి పీడనంతో ఊదాలి. ఉక్కు తీగతో పొడవకూడదు, ఇత్తడి రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు. రబ్బరు రింగులను క్లీనర్ తగలకుండా ముందే తీసి పెట్టుకోవాలి.

గిన్నె ఖాళీ చేసే నిలిపినా మళ్ళీ అదే జిగురు

నన్ను వరుసగా రెండేళ్లు ఏమార్చింది ఇదే. మొదటి ఏడాది తప్పు నాదేననుకున్నాను: ట్యాప్ కట్టేసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడిపి, కార్బురేటర్ ఖాళీ అయిందని నమ్మాను. నిజానికి పెట్రోల్ మట్టం జెట్లకు అందనంత దిగగానే ఇంజను ఆగిపోతుంది, గిన్నె అడుగున కొంత మిగిలే ఉంటుంది. రెండో ఏడాది డ్రెయిన్ స్క్రూ తెరిచి చివరి చుక్క దాకా వదిలాను. అయినా చలి తగ్గాక విప్పి చూస్తే గిన్నె అడుగున తేనె రంగు పూత, ముందటేడాది కన్నా మందంగా కనిపించింది.

దోషం కార్బురేటర్‌లో కాదు, ట్యాప్‌లో ఉంది. లోపలి రబ్బరు వాషర్ ఏళ్ల తరబడి పెట్రోల్‌లో నాని, గట్టిపడి, లీవర్ ఆఫ్‌లో ఉన్నా సన్నగా కారేది. బయట ఎక్కడా తడి కనిపించదు, ఎందుకంటే కారినదంతా గొట్టం గుండా గిన్నెలోకే చేరుతుంది. గిన్నె ఖాళీగా ఉన్నప్పుడు ఫ్లోట్ (పెట్రోల్ మీద తేలే బుడ్డ) కిందికి వాలి, పెట్రోల్ రాకను ఆపే నీడిల్ వాల్వ్ తెరుచుకునే ఉంటుంది కాబట్టి అడ్డుకునేది ఏదీ లేదు. గిన్నెకు గాలి రంధ్రం ఉండడం వల్ల చేరిన పెట్రోల్ మెల్లగా ఆవిరవుతుంది, మట్టం తగ్గినకొద్దీ ట్యాంకు నుంచి మరికొంత దిగుతుంది. ఒక్క గిన్నెడు పెట్రోల్ ఎండితే మిగిలే జిగురు కొంచెమే, ఇలా చలికాలమంతా నిండుతూ ఎండుతూ ఉంటే అన్నిటి జిగురూ ఒకే చోట పేరుకుపోతుంది. గిన్నెను శ్రద్ధగా ఖాళీ చేసినవాళ్లు కూడా మోసపోయేది ఇక్కడే.

దీన్ని పట్టుకోవడానికి పనిముట్లేమీ అక్కరలేదు. గొట్టాన్ని కార్బురేటర్ వైపు ఊడదీసి, కొసను సీసాలో పెట్టి, ట్యాప్ ఆఫ్‌లో ఉంచి, గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా ఒక రాత్రి వదిలేయండి. తెల్లవారి సీసా అడుగున చెంచాడు పెట్రోల్ ఉన్నా ట్యాప్ పోయినట్లే. ట్యాంకు ఖాళీ చేసి, ట్యాప్ విప్పి, వాషర్ మార్చి, ట్యాంకు లోపలి జల్లెడ కడిగి బిగించాక ఇదే పరీక్ష మళ్ళీ చేయాలి. కొత్త వాషర్ వేశాం కదా అని ఈ రెండో పరీక్షను మానేసేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది.

వాక్యూమ్‌తో, అంటే నడిచే ఇంజను పీల్పుతో తెరుచుకునే ట్యాప్‌లలో చాలావాటికి ఆఫ్ స్థానమే ఉండదు. ఇంజను ఆగితే ఆన్‌లో ఉన్నా మూసుకునే ఉంటాయి, లీవర్ ప్రైమ్ స్థానంలో ఉంటే మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంటాయి. వాటి లోపలి పొర చిరిగితే పెట్రోల్ వాక్యూమ్ గొట్టం ద్వారా ఇంజనులోకి దిగవచ్చు. ఆయిల్ మట్టం పెరిగి పెట్రోల్ వాసన వేస్తుంటే, స్పార్క్ ప్లగ్ తీసి సిలిండర్ చూసి, ట్యాప్ బాగుచేసి, ఆయిల్ మార్చేదాకా స్టార్ట్ చేయవద్దు.

ఇక బైకును మూలన పెట్టే ముందు తాజా పెట్రోల్‌తో ట్యాంకు నింపి, స్టెబిలైజర్‌ను (పెట్రోల్ త్వరగా పాడవకుండా కలిపే మందు) డబ్బా మీద రాసిన పాళ్లలో కలిపి, కనీసం పది నిమిషాలు ఇంజను నడపాలి. ట్యాంకులో పోసి ఊరుకుంటే మందు ట్యాంకులోనే ఉంటుంది, జెట్లకు చేరదు. తర్వాత ట్యాప్ కట్టి, గిన్నె ఖాళీ చేసి స్క్రూ బిగించండి. మూడో రోజున స్క్రూను మళ్ళీ తెరిస్తే ఏమీ రాకూడదు.

స్టార్ట్ అయిన కాసేపటికే ఆగిపోతుంది, సీసాలో రెండు పొరలు

ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను పీల్చుకుంటుంది. అది పరిమితి దాటితే నీరు, ఇథనాల్ కలిసి అడుగున వేరే పొరగా చేరతాయి, ట్యాప్ ముందుగా లాగేది ఆ అడుగు పొరనే. పైన కొత్త పెట్రోల్ పోసినా, స్టెబిలైజర్ కలిపినా అది బాగుపడదు. మొత్తం తీసేసి ట్యాంకులో తుప్పు చూసుకోవాలి.

ఇంజెక్షన్ బైకులో కీ తిప్పినా పంపు శబ్దం రాదు

ఈ బైకుల్లో కార్బురేటర్ బదులు ట్యాంకులోని పంపు పెట్రోల్‌ను ఇంజనుకు పంపుతుంది. ముందు బ్యాటరీ, ఫ్యూజు చూడండి. అవి బాగుంటే, ట్యాంకు దాదాపు ఖాళీగా నిలిపారా అని గుర్తు చేసుకోండి. లోపల ఉండే పంపు పొడిగా మిగిలితే తుప్పు పట్టి బిగుసుకుపోగలదు. ఈ బైకులను నిండు ట్యాంకుతో, స్టెబిలైజర్ కలిపి నడిపాకే నిలపాలి.

ఫ్లోట్‌కు చిల్లు పడటం, ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో ఎలుక గూడు కట్టడం అరుదు, పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి. ట్యాంకు మూత గాలి రంధ్రం మూసుకుపోయిందన్న అనుమానం ఉంటే, బండి ఆగిపోయిన వెంటనే మూత తెరిచి మళ్ళీ స్టార్ట్ చేసి చూస్తే తేలిపోతుంది.