పాత ఇంట్లో ఎలుకలు: మందు పెట్టకుండా వదిలించుకోవడం ఎలా

ఎలుకల మందు వద్దనడానికి జాలి ఒక్కటే కారణం కాదు. ఎక్కువగా వాడే మందులు రక్తం గడ్డకట్టకుండా చేసే రకం, అవి పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది, ఈలోగా మందు తిన్న ఎలుక గోడ సందులోకో సీలింగ్ పైకో వెళ్లి అక్కడ చస్తుంది. ఇక ఆ కంపు రోజుల తరబడి భరించాలి, లేదా గోడ పగలగొట్టాలి. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే. నీరసంగా తిరుగుతున్న ఆ ఎలుకను పిల్లో గుడ్లగూబో తింటే విషం దానికీ ఎక్కుతుంది. ఇంత చేసినా అది వచ్చిన కన్నం అలాగే ఉంటుంది కాబట్టి ఖాళీ అయిన చోటికి ఇంకోటి వచ్చి చేరుతుంది. అందుకే ముందు కన్నాల సంగతి చూడాలి, బోన్లు (ఇక్కడ బోనంటే స్ప్రింగ్ దెబ్బతో చంపే ట్రాప్) ఆ తర్వాత.

ముందు తేల్చుకోవాల్సింది: వచ్చింది ఏ ఎలుక?

పెంటికలు చూస్తే తెలిసిపోతుంది. బియ్యపు గింజంత, అంటే 3 నుంచి 6 మిల్లీమీటర్లు ఉండి చివర్లు సూదిగా ఉంటే చిట్టెలుక. సెంటీమీటరు దాటి చివర్లు మొనదేలి ఉంటే పైకప్పులెక్కే ఎలుక. ఇంకా లావుగా, రెండు సెంటీమీటర్లకు దగ్గరగా, చివర్లు మొద్దుగా ఉంటే నేలలో బొరియలు తవ్వే పెద్ద ఎలుక.

ఇది ఎందుకు ముఖ్యమంటే, చిట్టెలుక సాధారణంగా గూడు చుట్టూ కొద్ది మీటర్లలోనే తిరుగుతుంది, దానికి 6 మిల్లీమీటర్ల సందు చాలు, అంటే పెన్సిల్ దూరితే అదీ దూరుతుంది. కాబట్టి పెంటికలున్న గదిలోనే మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి వెతకాలి. పెద్ద ఎలుకలకు 12 మిల్లీమీటర్ల పైన సందు కావాలి, అవి దూరం నుంచి వస్తాయి, వాటి దారి ఇంటి బయట మొదలవుతుంది. రోజూ నడిచే దారిలో గోడ వెంట నల్లటి జిడ్డు మరక పడుతుంది. మరక లేకపోతే అనుమానమున్న చోట రాత్రి పల్చగా టాల్కం పౌడర్ చల్లండి, పొద్దున్నే కాళ్ల గుర్తులు, తోక గీత కనిపిస్తాయి.

వంటింటి అల్మారాలో పెంటికలు, మూలలు కొరికిన ప్యాకెట్లు

కారణం దాదాపు ఎప్పుడూ పైపులే. సింక్ కింద నీళ్ల పైపు గోడలోకి వెళ్లే చోట, గ్యాస్ పైపు చుట్టూ, అల్మారా వెనక చెక్కకీ గోడకీ మధ్య, గచ్చు గోడను కలిసే అంచున. పాత ఇళ్లలో సున్నపు గార పొడి పొడిగా రాలిపోయి ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోతే అది కన్నం కిందే లెక్క.

మూసేది దేనితో అన్నదే అసలు విషయం. స్ప్రే ఫోమ్ (సందులో కొడితే ఉబ్బి గట్టిపడే నురగ) ఒక్కటే కొడితే ఎలుక కొరికేసి దారి చేసుకుంటుంది. చెక్క ముక్క, గుడ్డ, ప్లాస్టిక్ జాలీ కూడా అంతే. ఎలుకల ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి కొరకడం వాటికి శ్రమ కాదు, అవసరం. చిన్న సందుల్లో స్టీల్ ఊల్ (సన్నటి ఉక్కు పీచు) గట్టిగా కూరి దాని మీద సిమెంట్ పూయండి. తడి తగిలే చోట స్టీల్ తుప్పు పట్టి రాలిపోతుంది, అక్కడ రాగి మెష్ మంచిది. పెద్ద కన్నాలకు 6 మిల్లీమీటర్లకు మించని కళ్లున్న ఇనుప జాలీ వేసి సిమెంట్ చేయాలి. తలుపు కింద సందుకు రేకు పట్టీ. గాలి కోసం వదిలిన వెంటిలేటర్లు, పునాది రంధ్రాలు మాత్రం పూర్తిగా పూడ్చొద్దు, పాత గోడలకు గాలి ఆడకపోతే చెమ్మ పడుతుంది, వాటికి జాలీ చాలు.

తిండి గాజు లేదా లోహపు డబ్బాల్లోకి మార్చండి. ఇది అందరూ చెప్పేదే, అయినా డబ్బాలు కొన్నంత మాత్రాన ఎలుకలు పోవు. చిట్టెలుకకు రోజుకు 3 గ్రాముల తిండి చాలు, స్టవ్ కింద రాలిన ముక్కలతో కూడా బతికేస్తుంది.

రాత్రి పైకప్పులో పరుగులు

పగలు కూడా చప్పుడు వస్తుంటే అది ఉడుతో పక్షో కావచ్చు, ముందు అది తేల్చుకోండి. రాత్రి మాత్రమే అయితే చాలావరకు పైకెక్కే ఎలుకే. చెట్టు కొమ్మలు, తీగలు, కేబుళ్లు, పైపులు దాని దారులు. కొమ్మల్ని కప్పుకు కనీసం ఒకటి రెండు మీటర్ల దూరం ఉండేలా కొట్టించండి. పెంకులు జరిగిన చోట, చూరు కింద, వాసాలు గోడ మీద ఆనే చోట జాలీ కొట్టాలి. పాత కప్పు ఎక్కడం సరదా కాదు, అలవాటున్న మనిషిని పిలవండి.

పునాది దగ్గర బొరియ

బొరియను మట్టితోనో కాగితంతోనో వదులుగా మూసి రెండు మూడు రోజులు చూడండి. తెరిచి ఉంటే లోపల ఎలుక ఉంది. పక్కనున్న చెత్తకుప్ప, కట్టెల మోపు, దట్టమైన పొదలు తీసేస్తే సగం పని అయినట్టే, ఆ నీడ లేకపోతే బయట తిరగడానికి అది జంకుతుంది. తూము వైపు నుంచి వస్తుంటే తూముకు ఇనుప జాలీ, పగిలిన డ్రైనేజీ పైపుకు రిపేరు.

బోను పెట్టాను, పడటం లేదు

పెద్ద ఎలుకకు కొత్త వస్తువంటే భయం, కొన్ని రోజులు దాని దరిదాపులకే రాదు. స్ప్రింగ్ బిగించకుండా ఎర మాత్రం పెట్టి వదిలేయండి, ఎర తినడం దానికి అలవాటయ్యాక అన్నీ ఒకే రాత్రి బిగించండి. చిట్టెలుక దీనికి రివర్స్, కొత్తది కనిపిస్తే వచ్చి వాసన చూస్తుంది, మొదటి రాత్రే బిగించొచ్చు. బోను గది మధ్యలో పెడితే వేస్ట్. ఎర ఉన్న వైపు గోడకు ఆనేలా, గోడకు అడ్డంగా పెట్టాలి. ఒక్క బోను సరిపోదు, చిట్టెలుకలకైతే రెండు మూడు మీటర్లకొకటి. పీనట్ బటర్ కొద్దిగా రాస్తే చాలు, ముద్ద పెడితే అంచున నాకి పోతుంది.

ప్రాణంతో పట్టే బోను మంచిదే కదా అంటారు. రోజూ పొద్దున్నే చూడకపోతే లోపలే ఆకలితో చస్తుంది, దగ్గర్లో వదిలితే తిరిగొస్తుంది, దూరంగా వదిలితే తెలియని చోట బతకడం కష్టం. నా లెక్కలో ఒక్క దెబ్బకు చంపే మంచి స్ప్రింగ్ ట్రాపే దయగలది. జిగురు అట్టలు మాత్రం అస్సలు వద్దు, గంటల తరబడి చిత్రహింస, పైగా బల్లులూ పిట్టలూ అంటుకుంటాయి.

అన్నీ మూసేశాను, ఇంకా చప్పుడు

లోపల ఉన్నవాటిని లోపలే పెట్టి మూసేశారన్నమాట. ఒక్క ప్రధాన దారి వదిలి మిగతావన్నీ మూసి, లోపల బోన్లు పెట్టడం సరైన వరస. ఆ చివరి కన్నంలో నలిపిన పేపర్ కూరండి. వారం పాటు కదలకపోతే, కొత్త పెంటికలు లేకపోతే అప్పుడు సిమెంట్. తల్లి బయట, పిల్లలు లోపల ఉండిపోయినా కంపు తప్పదు కాబట్టి తొందర వద్దు.

అల్ట్రాసోనిక్ మిషన్లు (మనకు వినపడని శబ్దంతో ఎలుకల్ని తరుముతామనేవి) కొనకండి, ఆ శబ్దం గోడలు దాటదు, ఎలుకలు అలవాటు పడిపోతాయి. నాఫ్తలీన్ ఉండలు మనుషులకూ విషమే. పిల్లి చిట్టెలుకల్ని పడుతుంది, ఎదిగిన పెద్ద ఎలుక జోలికి చాలా పిల్లులు వెళ్లవు. కొరికిన కరెంట్ వైర్ కనిపిస్తే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, మంటలు అక్కడే మొదలవుతాయి.

పెంటికల్ని పొడిగా ఊడవొద్దు, ఆ దుమ్ము పీలిస్తే జబ్బులొస్తాయి. కిటికీలు తీసి అరగంట ఆగి, గ్లౌజులు వేసుకుని, ఒక వంతు లిక్విడ్ బ్లీచ్ తొమ్మిది వంతుల నీళ్లు కలిపి తడిపి, ఐదు నిమిషాలాగి పేపర్‌తో తుడిచేయండి. ఒక్కటి కూడా మిగల్చకుండా తీయండి, లేకపోతే వచ్చే నెల అల్మారా తెరిచినప్పుడు కనిపించింది పాతదా కొత్తదా అని గుంజాటన తప్పదు.