ప్రాజెక్టు రిపోర్టులో ఏఐ: వైవాలో దొరికిపోకుండా

రిపోర్టులో ఏఐ వాడే ముందు మీ గైడ్‌ను అడగండి. ఒకే డిపార్ట్‌మెంటులో ఒకరు భాష దిద్దుకోవడానికి సరేనంటారు, పక్క గదిలో ఉన్నవారు ఏఐ పేరెత్తితేనే ఒప్పుకోరు. నోటిమాట చాలదు. ఏ పనికి వాడబోతున్నారో మెయిల్‌లో రాసి, జవాబు దాచుకోండి.

ఎక్కువమంది ఇరుక్కునేది లిటరేచర్ సర్వేలో, అంటే పాత పరిశోధనలను సమీక్షించే భాగంలో. చాట్‌జీపీటీ, జెమినై లాంటివి తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి రాస్తాయి. అందుకే నిజమైన ప్రొఫెసర్, నిజమైన జర్నల్, ఎక్కడా లేని పేపరు ఒకే వరుసలో వచ్చేస్తాయి. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు ఇలాగే లేని తీర్పులను కోర్టుకు చూపించి 5,000 డాలర్ల జరిమానా తెచ్చుకున్నారు. ప్రతి రిఫరెన్సు డీఓఐ నంబరునూ (ఆన్‌లైన్‌లో పేపరును గుర్తించే నంబరు) డీఓఐ డాట్ ఓఆర్‌జీలో వేసి చూడండి. పేజీ తెరుచుకుంటే సరిపోదు, ఆ నంబరు వేరే పేపరుది కావచ్చు. శీర్షిక, రచయితలు, సంవత్సరం కలవాలి. డీఓఐ లేకపోతే శీర్షికను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్ స్కాలర్‌లో వెతకండి. పేపరు దొరికాక, మీరు రాసిన విషయం అందులో నిజంగా ఉందో లేదో చదివి తేల్చుకోండి. సరిచూడమని మళ్లీ ఆ ఏఐకే చెప్పడం దొంగ చేతికి తాళాలిచ్చినట్టే.

జనాన్ని అడిగి చేసిన సర్వేలో తీసుకున్న పేర్లు, ఫోన్ నంబర్లు, ఆస్పత్రి రికార్డులు, కంపెనీ ఫైళ్లు అప్‌లోడ్ చేయకండి. పేరు తీసేసి 'రైతు 7' అని పెట్టినా, ఊరు, వయసు, ఎకరాలు కలిపి చూస్తే ఆయనెవరో ఊళ్లోవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

శాతాల దగ్గర చాలామంది తికమకపడతారు. యూజీసీ 2018 నిబంధనల్లో థీసిస్‌కు ఇతరుల రాతతో పోలిక 10 శాతం వరకు శిక్ష లేదు. 40 వరకు అయితే 6 నెలల లోపు సవరించి ఇవ్వాలి, 60 వరకు అయితే ఏడాది ఆగాలి, అది దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఇదంతా ఆ పోలిక గురించే. రాసింది ఏఐయేనా అని చూసే ఏఐ డిటెక్టర్ చూపే అంకె వేరు, అది కేవలం అంచనా. ఓపెన్‌ఏఐ తన డిటెక్టర్‌ను కచ్చితత్వం తక్కువని 2023 జూలైలో తనే తీసేసింది. ఇంగ్లీషు మాతృభాష కానివారి సొంత రాతను కూడా డిటెక్టర్లు ఏఐదంటాయని అదే ఏడాది స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు చూపించారు. తెలుగు మీడియంలో చదివినవారికి ఇది మరీ ముఖ్యం. గూగుల్ డాక్స్‌లో రాస్తే, ఎప్పుడు ఏం మార్చారో చూపే వెర్షన్ హిస్టరీయే మీకు సాక్ష్యం. చేతిరాత నోట్సు కూడా పారేయకండి.

ఏఐ రాతను మనిషి రాతలా మారుస్తామనే 'హ్యూమనైజర్' టూల్స్ జోలికి మాత్రం పోవద్దు. ఇలా మాటలు మార్చే టూల్స్ చేతిలో పడి 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' కాస్తా 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్' (నకిలీ స్పృహ)గా మారి అచ్చయిన పేపర్లున్నాయి.

చివరగా, ఏఐ వాడిన సంగతి చెప్పే డిక్లరేషన్. ఏఐని సహరచయితగా పెట్టకూడదు, చేసిన తప్పుకు జవాబు చెప్పడం దానివల్ల కాదు. కృతజ్ఞతల పేజీ తర్వాత ఇలా రాస్తే చాలు: '3వ అధ్యాయంలో వ్యాకరణం దిద్దడానికి ఫలానా టూల్, ఫలానా వెర్షన్, ఈ తేదీల మధ్య వాడాను. డేటా, విశ్లేషణ నావి. రిఫరెన్సులన్నీ తెరిచి చదివాను.' కోడ్‌కు వాడితే, ఏఐకి మీరిచ్చిన ప్రాంప్టులను (అడిగిన మాటలను) అనుబంధంలో చేర్చండి. వైవాలో ఏ లైను అడిగినా ఏం చేస్తుందో చెప్పలేని కోడ్‌ను రిపోర్టులోంచి తీసేయండి.