వానలకు ముందు బాతుల గూట్లో పొడి చల్లుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. పెరట్లో బాతులు పెంచుకునేవాళ్లు ఆ ఎండని వదులుకోకూడదు. జూన్ రెండో వారంలో వానలు మొదలయ్యాయంటే విశాఖలో గూడు మళ్లీ పూర్తిగా ఆరడం కష్టం. అసలే సముద్రపు తేమ, దానికి వాన తోడైతే కింద పరిచిన ఊక రెండ్రోజుల్లో ముద్దయిపోతుంది. పేలు, మైట్లు (రక్తం తాగే సన్నటి పురుగులు) పెరగకముందే ఏదో ఒకటి చేద్దామని మే నెలాఖరులో ఒకరు పొయ్యి బూడిద, ఒకరు వేపాకు పొడి, ఇంకొకరు ఆన్‌లైన్లో కొన్న డయాటోమేషియస్ ఎర్త్ అనే పురుగుల పొడి పట్టుకుని గూట్లోకి దిగుతారు. మందు కాదు కదా, సహజమైనదే కదా అని గుప్పిళ్లతో చల్లేస్తారు.

నేనూ అలాగే చేశాను. మాది పెందుర్తి వైపు. ఇంటి వెనక ఏడు బాతులు. ఒక ఏడాది వానలకి ముందు కట్టెల పొయ్యి బూడిద జల్లించి, ఒక్కో బాతునీ ఒళ్లో పెట్టుకుని రెక్కల కింద, తోక కింద బాగా రుద్దాను. వదిలిన మరుక్షణం అన్నీ వెళ్లి తొట్టిలో దిగాయి. మర్నాటికి రెండింటి కాళ్ల పొర ఎర్రగా కందిపోయి ఉంది. ఒక బాతు కన్ను తెరవలేక ఆర్పుతూ మూలన కూర్చుంది. తడిసిన బూడిద చర్మాన్ని తినేస్తుందని పశువుల డాక్టరు గారు చెప్పాక గానీ నాకు అర్థం కాలేదు. బూడిదతో గిన్నెలు తోమితే చేతులు మండే సంగతి తెలిసి కూడా బాతు విషయంలో ఆలోచించలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే పద్ధతి: పొడి గూటికి, నీళ్లు బాతుకి.

కోడి మట్టిలో పొర్లి ఒళ్లు శుభ్రం చేసుకుంటుంది కాబట్టి కోళ్లకి చెప్పిన పొడి వైద్యమే బాతులకీ చెప్పేస్తుంటారు. బాతు పద్ధతి వేరు. అది నీళ్లలో మునిగి, ముక్కుతో ఈకలు దువ్వుకుంటూ, తోక మొదట్లో ఉన్న గ్రంథి నుంచి నూనె తీసి ఒళ్లంతా పట్టించుకుంటుంది. తల మునిగేంత లోతు నీళ్లు రోజూ దొరికే బాతుకి పేలు మామూలుగా బాగా తక్కువ. ఆ ఈకల మీద పొడి పోస్తే నూనెని పీల్చేస్తుంది, దువ్వుకునేటప్పుడు నోట్లోకి, కంట్లోకి పోతుంది. నూనె పోయిన ఈక వానలో తడిసి ఒంటికి అంటుకుంటుంది, బాతు వణుకుతుంది.

అందుకే ముందు పురుగు ఉందో లేదో చూడండి. సాయంత్రం బాతుని ఒళ్లోకి తీసుకుని, టార్చి వేసి, తోక కిందా రెక్క లోపలా ఈకల్ని పాయ తీయండి. పేలు ఎండుగడ్డి రంగులో ఉంటాయి, వెలుతురు పడగానే పరిగెడతాయి. గుడ్లు ఈక మొదట్లో బొంబాయి రవ్వ అంటించినట్టు తెల్లగా గుంపుగా కనిపిస్తాయి. ఎర్ర మైట్ల సంగతి వేరు. అవి పగలు బాతు మీద ఉండవు. గూటి చెక్కల సందుల్లో దాక్కుని రాత్రి వచ్చి రక్తం తాగిపోతాయి. చీకటి పడ్డాక తెల్ల గుడ్డ తీసుకుని ఆ సందుల వెంట గట్టిగా రుద్దండి. గుడ్డ మీద ఎర్రటి చారలు పడ్డాయంటే పని బాతు మీద కాదు, గూటి మీద ఉంది. ఒక్క బాతుకే పేలు విపరీతంగా ఉండి మిగతావి బాగుంటే ఆ బాతు ఒంట్లో ఇంకేదో బాగోలేదని అనుమానించండి. జబ్బుపడ్డ బాతు ఈకలు దువ్వుకోదు, పేలు పెరిగిపోతాయి.

ఇక పొడుల సంగతి. డయాటోమేషియస్ ఎర్త్ అంటే డయాటమ్ అనే సూక్ష్మమైన నాచు గుల్లల పొడి. పురుగు ఒంటి మీది మైనపు పొరని పీల్చి, గీరి, దాన్ని ఎండబెట్టి చంపుతుంది. పొడిగా ఉన్నంతసేపే ఆ పని. తడిస్తే అది ఉత్త బురద. జూలైలో కారుతున్న గూట్లో కిలోలు పోసినా డబ్బు దండగ. కొనేటప్పుడు ఫుడ్ గ్రేడ్ అని రాసి ఉందో లేదో చూడండి. స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్లకి వాడేది బాగా వేడిచేసి తయారుచేస్తారు, అందులో స్ఫటిక సిలికా ఎక్కువ, ఊపిరితిత్తులకి ప్రమాదం. ఫుడ్ గ్రేడ్ అయినా పీల్చేది కాదు. పక్షికి ఊపిరితిత్తులతో పాటు ఒళ్లంతా గాలి సంచులు ఉంటాయి. మనం దగ్గి బయటికి పంపేసే దుమ్ము దానికి లోపలే ఉండిపోతుంది.

బూడిద వాడాలంటే ఉత్త కట్టెల బూడిదే, జల్లించి, పూర్తిగా పొడిగా ఉండే చెక్క సందుల్లో మాత్రమే. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, ప్లాస్టిక్ కలిపి కాల్చిన బూడిదా, బొగ్గు బూడిదా వద్దు. చుక్క నీరు పడే చోట ఏ బూడిదా వద్దు.

సీతాఫలం గింజల పొడి గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. పాడేరు వైపు నుంచి వచ్చే మా పిన్ని ప్రతి ఏడూ అంటుంది, "గింజలు నూరి పట్టించవే, ఒక్క పేను మిగలదు" అని. పేను చస్తుందన్న మాట నిజమే. కానీ ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర పుండవుతుంది. తలకి రాసుకున్న మనుషులకే కళ్లు దెబ్బతిన్న సందర్భాలున్నాయి. రోజంతా మెడ తిప్పి ఒంటికి ముఖం రాసుకునే బాతుకి అది పట్టించడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. పొగాకు పొడి కూడా అంతే. అందులోని నికోటిన్ చర్మం నుంచే ఒంట్లోకి దిగుతుంది. కలరా ఉండలు నలిపి చల్లడం, పాత అలవాటుకొద్దీ గమాక్సిన్ అడిగి తెచ్చుకోవడం అసలే వద్దు. గమాక్సిన్‌గా అమ్మిన బీహెచ్‌సీ అనే పురుగుమందుని మన దేశంలో 1997లోనే నిషేధించారు. ఆ పేరు చెప్పి షాపులో ఏ పంటల మందు ఇచ్చినా తీసుకోకండి.

వేపాకు, పసుపు వాటంతట అవి అంత భయపడాల్సినవి కావు. నా టెన్షన్ అంతా బూజు గురించే. సరిగ్గా ఆరని వేపాకుని దంచి డబ్బాలో పెడితే మన తేమకి పది రోజుల్లో ముక్క వాసన వస్తుంది. బూజు విషమైన అఫ్లాటాక్సిన్‌కి బాతు పిల్లలంత తొందరగా పడిపోయే పక్షులు తక్కువ. పొడి ఉండ కట్టినా, వాసన మారినా పారేయండి. తౌడుకీ, వేరుశనగ చెక్కకీ ఇదే మాట.

చల్లే రోజు సముద్రపు గాలి తిరగకముందే, పొద్దున్నే పని మొదలుపెట్టండి. బాతుల్ని బయటికి తోలి, పాత ఊక మొత్తం ఎత్తేసి, చెక్కలు ఊడదీసి రోహిణి ఎండలో పడేయండి. గోడలకి సున్నం కొట్టి పూర్తిగా ఆరనివ్వండి. తడి సున్నం కూడా కాళ్లు కాలుస్తుంది. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు పెట్టుకుని సందుల్లో, గుడ్లు పెట్టే గంపల అడుగున, మూలల్లో పొడిని బ్రష్‌తో పలచగా పూయండి. పిడికిలితో విసరకండి. ఆయాసం ఉన్నవాళ్లూ, చిన్నపిల్లలూ ఆ దగ్గరికి రాకూడదు. దుమ్ము పూర్తిగా అణిగాక పైన ఎండిన ఊక పరిచి సాయంత్రం బాతుల్ని లోపలికి పంపండి. మేత గిన్నె, నీళ్ల తొట్టి దగ్గరా, చేపలున్న గుంట పక్కనా పొడి అవసరం లేదు. పురుగుల గుడ్లని ఏ పొడీ చంపదు కాబట్టి వారం, పది రోజులకి టార్చి వేసి మళ్లీ చూసి, అవసరమైతేనే మళ్లీ పూయండి.

కోడి కింద బాతు గుడ్లు పొదిగించే అలవాటున్నవాళ్లు ముందు ఆ కోడిని చూడాలి. పొదిగే 28 రోజులూ అది గంప దిగేది తక్కువ, దాని మీది పేలూ, మైట్లూ పుట్టిన పిల్లల మీదకి దిగుతాయి. గుడ్లు పెట్టకముందే గంప మార్చేయండి. గుడ్ల మీద పొడి చల్లొద్దు.

కడుపులో పురుగులకి డయాటోమేషియస్ ఎర్త్‌నో పసుపునో మేతలో కలిపి అదే మందనుకుని ఊరుకోకండి. వానాకాలం బాతులు నత్తల్ని ఏరుకు తింటాయి, వాటి నుంచి పురుగులు వస్తాయి. బాతు చిక్కిపోతున్నా, నీళ్ల విరేచనం అవుతున్నా, గుడ్లు తగ్గినా, ఆ రోజు రెట్టని చిన్న సీసాలో పెట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి పరీక్ష చేయించండి. మందు ఇస్తే ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో కూడా అడగండి. ముక్కు తెరిచి రొప్పుతున్నా, కన్ను మూసుకుపోయినా ఎదురుచూడొద్దు, సంచార పశువైద్య సేవకి 1962 నంబరుకి ఫోన్ చేయండి. పొడి కంట్లో పడిందని తెలిస్తే అవతలివాళ్లు ఫోన్ ఎత్తేలోపు మంచినీళ్లు ధారగా పోసి కడుగుతూ ఉండండి.

మనకి పెద్ద వానలు అక్టోబరులో, తుపాన్లతో వస్తాయి. సెప్టెంబరులో నాలుగు రోజులు తెరిపిచ్చినప్పుడు ఇదే పని ఇంకోసారి పెట్టుకోండి. అప్పటికి ఊక దొరకడం కష్టం, రెండు బస్తాలు ఇప్పుడే తెచ్చి ఎత్తుగా, తడి తగలని చోట పెట్టుకోండి.