నాలుగడుగుల అక్వేరియంలో ఒక్క పెద్ద సిక్లిడ్: చేపను ఎంచుకోవడం ఎలా?

నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల తొట్టిని మధ్యరకం అక్వేరియంగా తీసుకుంటే, అంచుల వరకు నింపినప్పుడు అందులో సుమారు 255 లీటర్ల నీరు పడుతుంది. ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ పోగా చేపకు మిగిలేది 220 లీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఇందులో ఒకే ఒక పెద్ద సిక్లిడ్‌ను (జిలేబీ చేప కుటుంబానికి చెందిన చేపను) పెంచదలచినవారు రంగు కంటే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి: ఆ చేప పూర్తిగా ఎదిగాక ఎంత పొడవవుతుంది, తమ ఇంటికి వచ్చే నీరు ఎలాంటిది. మొదటిదాన్ని కొందరైనా అడుగుతారు గానీ రెండోదాన్ని అడిగేవారు అరుదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మాత్రం ఎంపికను నిర్ణయించవలసింది ఎక్కువగా అదే.

సిక్లిడ్ల స్వభావం మనకు పూర్తిగా కొత్తదేమీ కాదు. మన చెరువుల్లో, కాలువల్లో దొరికే జిలేబీ చేప ఆ కుటుంబానిదే. తన చోటును కాపాడుకోవడానికి ఇతర చేపల మీద పడటం, నోటితో అడుగు తవ్వడం వీటికి పుట్టుకతో వచ్చిన గుణాలు కనుక, ఈ పరిమాణపు తొట్టిలో తోడు చేపల ఆలోచన మానుకోవడమే మంచిది.

ముందుగా పొడవు సంగతి చూద్దాం. తొట్టి పొడవు ఎదిగిన చేప పొడవుకు కనీసం నాలుగు రెట్లు ఉండాలి. చేప ఒంగకుండా వెనక్కు తిరగగలిగేంత వెడల్పూ ఉండాలి. ఈ కొలతతో చూస్తే, దుకాణంలో రెండంగుళాల పిల్లగా ముచ్చటగొలిపే ఆస్కర్ మన లెక్కకు అందదు. అది 30 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది, విపరీతంగా తిని అంతే విపరీతంగా నీటిని పాడుచేస్తుంది, పదేళ్లకు పైగా బతకగలదు. ఫ్లవర్‌హార్న్ కూడా 25 నుంచి 30 సెంటీమీటర్ల వరకు వస్తుంది కాబట్టి, దానికి ఈ తొట్టి చాలీచాలనిదే. జాగ్వార్, రెడ్ డెవిల్ వంటివాటి ఊసే వద్దు. తొట్టికి మించి ఎదిగిన చేపను చివరకు పెన్నలోనో ఊరి చెరువులోనో వదిలేయడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. పైదేశాల నుంచి వచ్చిన జిలేబీ మన నీళ్లలో ఎంతగా పాతుకుపోయిందో చూస్తూనే ఉన్నాం.

ఇక నీరు. పెన్నా నీరు కుళాయిల్లో అందే నెల్లూరులోనివారికీ, కనిగిరి, పొదిలి వైపు బోరు నీటి మీద ఆధారపడేవారికీ ఒకే చేపను సిఫారసు చేయడం తెలివైన పని కాదు. ఆ మెట్ట ప్రాంతపు బోర్లలో కఠినత్వం, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాల పాలు, ఎక్కువ. తీరం వెంబడి బోర్లలో ఉప్పుదనం కలుస్తుంది. ఇక్కడ మనకొక సౌకర్యం ఉంది: రొయ్యల చెరువుల రైతుల కోసం నడిచే ఆక్వా ల్యాబులు. సీసాడు నీరు పట్టుకెళ్తే పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత), కఠినత్వం, క్షారత్వం, అమ్మోనియా పరీక్షించి ఇస్తారు. చేపను కొనకముందే ఈ పరీక్ష చేయించాలి.

కఠినత్వం 300 పీపీఎం (లీటరుకు 300 మిల్లీగ్రాములు) దాటి, పీహెచ్ 8 దగ్గర ఉంటే మధ్య అమెరికా జాతుల వైపు చూడాలి. మెక్సికో, హోండురాస్ ప్రాంతాల జాక్ డెంప్సీ 20 నుంచి 25 సెంటీమీటర్ల చేప. ముదురు ఒంటి మీద నీలిచుక్కలతో, కాస్త బిడియంగా ఉంటుంది, అలాంటి నీటిని తట్టుకుంటుంది. ఇంకా చిన్నది చాలనుకుంటే 15 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఎదిగే ఫైర్‌మౌత్ ఉంది. నీరు మెత్తగా, సుమారు 150 పీపీఎం లోపు ఉన్నచోట 20 సెంటీమీటర్ల సెవెరమ్ హాయిగా పెరుగుతుంది. ఇది ఉగ్రస్వభావం లేని చేప, ఆకుకూరలు కూడా తింటుంది. ఈ రెండింటికీ నడుమ ఉండే నీటికి ఈక్వెడార్, పెరూల పసిఫిక్ వైపు నదులకు చెందిన గ్రీన్ టెర్రర్ సరిపోతుంది. నా వరకు ఒంటరి చేపగా దీనికే ఓటు: మగది 20 సెంటీమీటర్లు దాటాక నుదుటి మీద ఎత్తు వస్తుంది, రెక్కల అంచులు నారింజ రంగుకు తిరుగుతాయి, గదిలోకి వచ్చిన మనిషిని గమనిస్తుంది.

పీహెచ్ ఎక్కువైన నీటిలో అమ్మోనియా మరింత విషపూరితమవుతుంది. రొయ్యల రైతులకు ఈ మాట చెప్పనక్కర లేదు. అందుచేత చేపను తెచ్చే ముందే ఫిల్టరు నాలుగు నుంచి ఆరు వారాలు నడిచి, వ్యర్థాలను విరిచే బ్యాక్టీరియా అందులో స్థిరపడి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు చేరాలి. ఆ తర్వాత వారానికోసారి మూడో వంతు నీరు మార్చాలి. మునిసిపల్ నీరైతే క్లోరిన్ తొలగించాలి. వేసవిలో ఆవిరైన నీటికి బదులు బోరు నీటినే పోస్తూ పోతే లవణాలు పేరుకుంటాయి కాబట్టి, ఆ కొరతను మాత్రం ఆర్వో నీటితో పూరించాలి. రోహిణి కార్తెలో తొట్టి నీరు 32 డిగ్రీలు దాటితే అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. నీటి ఉపరితలం మీదుగా చిన్న ఫ్యాను తిప్పి, ఎయిర్ పంపును ఆపకుండా నడపాలి. తుపాను రోజుల్లో కరెంటు గంటల తరబడి పోతుంది గనుక బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ముందే కొనిపెట్టుకోవాలి. పెద్ద రాళ్లను ఇసుక పోయకముందే అడుగు అద్దం మీద ఆనించి నిలపాలి, లేకుంటే చేప తవ్వేసరికి దొర్లి అద్దం పగలవచ్చు.

దుకాణంలో రెండు మూడంగుళాల పిల్లను, దాని ముందు మేత వేయించి చూశాకే తీసుకోవాలి. కళ్లు తేటగా, పొట్ట లోపలికి పోకుండా, రెక్కలు విప్పి ఉండాలి. తెల్లటి దారం లాంటి మలం కనిపిస్తే ఆ తొట్టిలోని దేన్నీ కొనవద్దు. అలంకార చేపల వ్యాపార కేంద్రమైన చెన్నై కొళత్తూరు నుంచి అదే రోజు వచ్చిన సరుకైతే వారం ఆగి, నిలదొక్కుకున్నదాన్ని ఎంచుకోవాలి. సూదితో రంగెక్కించిన చేపలను ఎంత చవకగా ఇచ్చినా తిరస్కరించాలి.

ఇంటికి తెచ్చిన సంచిని పావుగంట నీటిపై తేలనిచ్చి, తొట్టి నీటిని కొద్దికొద్దిగా సంచిలో కలుపుతూ మరో అరగంట గడిపాక చేపను వలతో తీసి వదలాలి. సంచి నీటిని తొట్టిలో పోయకూడదు. మొదటి రోజు మేత అక్కరలేదు. తర్వాత సిక్లిడ్ గుళికలు ప్రధానాహారంగా, వారానికి ఒకటి రెండుసార్లు పొట్టు తీసిన పచ్చి రొయ్య ముక్క ఇస్తే సరిపోతుంది.